చోటు చాల్లేదు

డబ్బా మూత ఆరంగుళాలు.
పైన లక్ష్మీదేవి, కింద రెండు ఫోన్ నెంబర్లు,
షావుకారు మూడుసార్లు మార్పించిన
'స్వచ్ఛమైన ఆవునేతితో',
నడుమ మిగిలిన రెండువేళ్ళ జాగాలో
పూతరేకు గురించి మూడు లైన్లు:

గాలికి చిరిగే పొర ఇది.
మా అత్త వేళ్ళ మధ్య
చిరగడం మరిచిపోతుంది.

నాలుగో లైను ఓలేటి మరిడమ్మ అని ఉండాలి.
నేనే తీసేశాను.
ఎంత చిన్నక్షరం చేసినా
ఫోన్ నెంబరు మీదకి ఎక్కుతోందని
డిలీట్ నొక్కాను.
ఈగని తోలినట్టు, ఒక్క వేలితో.

రాజోలు సెంటర్లో డీటీపీ షాపు నాది.
శుభలేఖలు, దినకర్మ కార్డులు, రొయ్యల మేత బిల్లు పుస్తకాలు.
పోయినవాళ్ళ పేరులో ఒత్తు ఎగిరిపోతే
నా డబ్బుల్తో మళ్ళీ అచ్చేసిచ్చేవాణ్ణి.

మరిడమ్మ సఖినేటిపల్లి రేవులో పంటు టికెట్లు చింపుతుంది.
పంటు అవతలొడ్డున ఉన్నంతసేపూ
పాడైన టికెట్ల వెనక రాసుకుంటుంది.
ఓ మధ్యాహ్నం ఖాళీ డబ్బాతో వచ్చింది.
ఎవరో తినేసి పంటు మీద వదిలేశారట.
కేకలెయ్యలేదు.
"మా అత్త ఉందండీ ఇందులో. నేను లేను."

నేనూ తక్కువ తినలేదు.
రిజిస్ట్రేషనుందా అన్నాను, నెంబరుందా అన్నాను,
లోకంలో మీ అత్తొక్కతేనా రేకులు తీసేది అన్నాను.

పక్క కొట్లో దస్తావేజులు రాసే మట్టపర్తి గన్నెయ్య
కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని వచ్చాడు.
"రేకులు తియ్యడం ఎవరి సొత్తూ కాదు,
కుండ బోర్లించి మంటెట్టిన వాళ్ళందరిదీను.
అత్తల సంగతి సరే సరి.
కానీ ఈ కూర్పు ఈవిడది.
టికెట్టు వెనక సిరా పడ్డప్పుడే హక్కు పుట్టింది.
బారసాల కాలేదని బిడ్డ లేదంటావా?
రిజిస్ట్రేషనంటావా, రేపు తగువొస్తే సాక్ష్యం. అంతే."

"షావుకారికి ఆవిడే ఇచ్చిందిగా?"
"ఏమని ఇచ్చావమ్మా?"
"చదవమని."
"చదవమనడం గట్టు మీద నడవమనడం.
నడిచినోడు చేను కోసుకుపోతాడా?
అమ్మితే కాయితం. కౌలుకిచ్చినా కాయితం.
గడువు రాయని కాయితం అయిదేళ్ళకి చెల్లిపోద్ది.
అమ్మేసుకున్నా సరే,
రాసింది నేను అనుకునే హక్కు అమ్ముడుపోదు."

"ఎన్నాళ్ళుంటదండీ?"
"నువ్వున్నన్నాళ్ళూ. ఆనక ఇంకో అరవై."

మరిడమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
"మా లంకలో ఎకరంన్నరకి పట్టా ఉందండీ.
చేను లేదు. మూడు వరదల్లో గోదారి కోసేసింది.
దీనికేమో చేనుంది, పట్టా అక్కర్లేదంటున్నారు."
అని నవ్వింది.
ఆ నవ్వుకి ఎటు చూడాలో తెలీక
నేను ప్రింటరు మూత తీసి మళ్ళీ పెట్టాను.

మర్నాడు ఫైలు తెరిచి రెండో ఫోన్ నెంబరు తీసేశాను.
అది ఎప్పుడూ ఎత్తరు.
పేరు ఒద్దిగ్గా కూర్చుంది.
షావుకారు అరిచాడు. అయిదువేల మూతలు మిగిలున్నాయన్నాడు,
వాటికి పేరు చీటీలు అతికించే కూలి నా మీదేశాడు.
మరిడమ్మకి డబ్బులిచ్చే మాట మాత్రం
ఇంకా పండగ తర్వాత పండక్కి వాయిదా పడుతోంది.
గన్నెయ్య నోటీసు రాసి మడతపెట్టి ఉంచాడు.

పైన వేసిన మూడు లైన్లకీ ఆవిణ్ణి అడిగాను.
టికెట్టు వెనక రాసిచ్చింది:
'ఈ ఒక్క చోటే. పేరుతో.'
సంతకం, తేదీ.
తిరగేస్తే ఇవతల
ఒక మనిషి, ఒక సైకిలు,
పదిహేను రూపాయలు.